మూడో అధ్యాయానికి నానమ్మ సంతకం

హోల్ట్‌రూప్
6 మార్చి 1979

గౌరవనీయులైన హెడ్విగ్ అత్తకు,

నేను మీ తమ్ముడు బెర్నార్డ్ పెద్ద కూతుర్ని, రోస్వితని. తాతయ్య అంత్యక్రియల రోజు శ్మశానం గేటు దగ్గర మీరు నాకు పిప్పరమెంటు ఇచ్చారట. నాకప్పుడు అయిదేళ్లు, గుర్తు లేదు. సిస్టర్ల బడిలో చదువయ్యాక మన ఊరి చర్చి గ్రంథాలయంలో పని చేస్తున్నాను. ఉండేది నానమ్మ దగ్గరే. మీరు క్రిస్మస్‌లకు పంపిన పుస్తకాలన్నీ నానమ్మ కట్టు విప్పకుండా గ్రంథాలయానికి ఇచ్చేసింది. కట్లు విప్పింది నేను. అన్నీ చదివాను.

ఫోన్ చేయాల్సిందే. కానీ మా ఫోను నడవలో ఉంది, నానమ్మకు అన్నీ వినిపిస్తాయి. పైగా ఫోన్‌లో నాకు నోరు పెగలదు.

శుక్రవారం మీ కవరు వచ్చింది. నానమ్మ పై కాగితం బిగ్గరగా చదివింది. "ఎంతో గౌరవనీయులైన శ్రీమతి టెర్‌హోర్స్ట్ గారికి." చదివి నా వైపు చూసింది.

"ఎవరే ఈ గౌరవనీయులు? నేనేనా?"

"నువ్వే నానమ్మా."

"దీన్ని నేను కన్నానా, లేక దీనికి ఇల్లు అద్దెకిచ్చానా?"

తరువాతి వాక్యం ఇంకా ఇబ్బంది పెట్టింది. పద్నాలుగు రోజుల్లో జవాబు రాకపోతే మీకు సమ్మతమేనని భావిస్తాం అని ఉంది కదా. "ముప్ఫయ్యేళ్లు నేను మాట్లాడలేదు. దాన్ని ఏమని భావించిందో అడుగు" అంది.

తరువాత మీ జీవితకథ మూడో అధ్యాయంలోంచి మీరు పంపిన పేజీలు తీసుకుని కూర్చుంది. జామ్ సీసాల మీద పేర్లు రాసే ఊదా పెన్సిల్ పట్టుకుని సాయంత్రం దాకా చదివింది. నలభై ఒకటో పేజీలో గీత మీద గీత గీసి కొట్టేసింది. సంతకం పెట్టనంటోంది. గడువు దాటితే మీరు సమ్మతి అనుకుంటారేమోనని భయపడి నేనీ ఉత్తరం రాస్తున్నాను.

తప్పులుంటే క్షమించండి.

మీ మేనకోడలు
రోస్విత


హాంబుర్గ్
9 మార్చి

రోస్వితా,

క్షమాపణలు మానెయ్. నీ ఉత్తరంలో తప్పుల్లేవు. తప్పు మా కార్యదర్శిది. ఆ పై కాగితం అందరికీ వెళ్లేదే. మంత్రికీ అదే, పొగగొట్టాలు శుభ్రం చేసేవాడికీ అదే. అమ్మకు విడిగా రాయాలని ఆవిడకు తట్టలేదు. నాకూ తట్టలేదనుకో.

మా పని తీరు అమ్మకు వివరించు. ఎవరి మాటనైనా వాళ్ల నోటి మాటగా అచ్చువేసే ముందు ఆ పేజీ వాళ్లకు చూపిస్తాం. వాళ్లు కొట్టేస్తారు, మేం పోట్లాడతాం, చివరికి సంతకం. బయటి దేశాల పాత్రికేయులు మమ్మల్ని చూసి నవ్వుతారు. నవ్వనీ. నేను తన నోట్లో మాట పెట్టానని ఒక్క మనిషీ ఇంతవరకూ అనలేదు. కిందటేడు ఒక మంత్రి తన ఇంటర్వ్యూలో "నమస్కారం" తప్ప అన్నీ కొట్టేశాడు. మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి సగం తిరిగి రాబట్టాను. అమ్మ దగ్గర రాబట్టలేనా?

ఆ పేజీలో ఏముందో నాకు తెలుసు. నలభై ఎనిమిదిలో, నాకు ఇరవై రెండేళ్లప్పుడు, జిల్లా పత్రికలో పని నేర్చుకుంటూ పాలకేంద్రం కొలతల్లో రైతులను మోసం చేస్తోందని వార్త రాశాను. నాన్న ఆ పాలకేంద్రం మేనేజరు. వార్త వచ్చిన మర్నాడు అమ్మ గుమ్మంలో నిలబడి "ఇక ఈ గడప తొక్కకు" అంది. పెట్టె పట్టుకుని రైలెక్కాను. మళ్లీ తొక్కలేదు. అది ఇప్పుడు అచ్చులో చూసి సిగ్గుపడి కొట్టేసింది. అంతే కదా?

ఆమె సంతకం లేకుండా ఆ అధ్యాయం వేయను. నియమం నియమమే. కానీ ఆ అధ్యాయం లేకపోతే నా జీవితకథ ఎలా మొదలవుతుంది? ఎక్కడి నుంచో ఊడిపడ్డ పిల్ల ఒకతె హాంబుర్గ్ స్టేషన్‌లో దిగింది అని. ఈస్టర్ తరువాత పేజీలు ప్రెస్సుకు పోతాయి.

రాజీ ఇదీ: "రావద్దని అమ్మ అన్నట్టు గుర్తు" అని మారుస్తాను. చదివి వినిపించి సంతకం పెట్టించు.

హెడ్విగ్


హోల్ట్‌రూప్
14 మార్చి

ప్రియమైన అత్తకు,

వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది.

నానమ్మ బంగాళాదుంపలు చెక్కుతోంది. కత్తి కింద పెట్టింది.

"అన్నట్టు గుర్తా? అన్నాను! వీధి వీధంతా విన్నది. పక్కింటి క్రెసెన్స్ చీపురు వదిలేసి మరీ విన్నది. నా మాట మార్చడానికి అదెవరు?"

"మార్చకపోతే సంతకం పెడతావా నానమ్మా?"

"పెట్టను."

"మరి దేన్ని కొట్టేశావు?"

"నేలమాళిగలోకి వెళ్లి ఇంకో నాలుగు దుంపలు పట్రా."

దుంపలు చాలినన్ని ఉన్నాయి. అయినా వెళ్లాను. తిరిగొచ్చేసరికి పేజీ మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. నాకు చూపించదు. కాబట్టి సరిగ్గా ఏయే వాక్యాలు కొట్టేసిందో నేను చెప్పలేను. మీరు కోపగించుకోకండి.

ఈస్టర్ ముందు తపస్సుకాలం కదా, ఇంట్లో రోజూ సూప్, నల్ల రొట్టె. నానమ్మ కాఫీ కూడా మానేసింది. ఈస్టర్ దాకా ఆమెతో మాట్లాడటం మామూలుగానే కష్టం.

మీ రెండో పుస్తకంలో ఓడరేవు కూలీల భార్యలు మీతో అన్ని సంగతులు చెప్పుకున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇంటికి వెళ్లి మొదట ఏమడుగుతారు? పనికిరాని ప్రశ్నయితే జవాబివ్వక్కర్లేదు.

రోస్విత


హాంబుర్గ్
17 మార్చి

రోస్వితా,

నీకు జవాబు: నీళ్లడుగుతాను. నీళ్లు తెచ్చిచ్చాక ఎవరూ వెంటనే లేచి పొమ్మనలేరు. ఇక పని సంగతి.

మాట మార్చొద్దంటుంది, సంతకం పెట్టనంటుంది! ఇలాంటి మనిషిని నా వృత్తిలో చూడలేదు. ఇక్కడికొచ్చిన కొత్తలో నన్ను ఆడవాళ్ల పేజీలో కూర్చోబెట్టారు. ఆరేళ్లు గౌన్ల అంచులు, కేకుల కొలతలు. అక్కడి నుంచి కోర్టుకు, కోర్టు నుంచి రేవుకు, రేవు నుంచి రాజధానికి ఒక్కో మెట్టూ పోట్లాడి ఎక్కాను. బొగ్గు గనుల యజమానులు నన్ను గేటు బయట వానలో నిలబెట్టారు. వాళ్లు కూడా ఏది కొట్టేశారో చెప్పేవారు!

ప్రచురణకర్తల లాయరుతో మాట్లాడాను. ఆ మాట విన్న సాక్షి ఉంటే వాళ్లకు ధైర్యంగా ఉంటుందట. సంతకం లేకుండా నేను వేయననుకో, కానీ వాళ్ల నోరు మూయించొచ్చు. మీ నాన్న ఆ రోజు మెట్ల మీద కూర్చున్నాడు, పద్నాలుగేళ్లవాడు. వాడికేం గుర్తుందో అడిగి రాయి. అమ్మకు తెలియనివ్వకు.

హెడ్విగ్


హోల్ట్‌రూప్
24 మార్చి

ప్రియమైన అత్తకు,

నానమ్మకు తెలిసిపోయింది.

నిన్న శుక్రవారం పూజ తరువాత చర్చి మెట్ల మీద నాన్నను అడిగాను. నాన్న చాలాసేపు ఆలోచించి, "సూప్ మాడిపోయింది. అది మాత్రం బాగా గుర్తుంది" అన్నారు. భోజనాల దగ్గర అదే మాట నానమ్మతో కూడా అన్నారు. "అక్క లాయరు అడిగిస్తోందమ్మా" అని కలిపారు.

నానమ్మ చెంచా బల్ల మీద కొట్టింది. "లాయరా! సాక్షులా! కన్నతల్లి మాటకు సాక్షి కావాలా దానికి? ఇదిగో, సాక్షి ఇదీ!" అని జేబులోంచి పేజీ తీసి నా ముందు పడేసింది.

అత్తా, మనిద్దరం పొరబడ్డాం.

"ఇక ఈ గడప తొక్కకు" అన్న వాక్యాన్ని నానమ్మ ముట్టుకోలేదు. పక్కన "నిజం" అని రాసింది. కొట్టేసింది దాని కింద మీరు రాసినదాన్ని. ఆ వాక్యాలివి:

"అమ్మ ఎక్కువ చదువుకోలేదు. చర్చి గురువుకు భయపడే, ఊరికి భయపడే కాలపు మనిషి. అంతకన్నా మరోలా ప్రవర్తించడం ఆమెకు తెలియదు. నేనామెను ఎప్పుడో క్షమించాను."

ఒక్కో వాక్యం మీద రెండేసి గీతలు. చివరిదాని పక్కన: "ఎవరడిగారు?"

నానమ్మ అన్నది అన్నట్టే రాస్తున్నాను. "నేను ఊరికి భయపడి అన్నానా? ఊరికి భయపడేది నేనా? తెలిసే అన్నాను. ఇవాళైనా అదే అంటాను. అది రాసిందాంట్లో అబద్ధం లేదు. మీ తాత ఆ మాట అన్నాడు. ఈ బల్ల దగ్గరే, చెంచా నోట్లో పెట్టుకుని అన్నాడు: 'పాలలో వెన్న ఎంతో కొలిచేది మనం, రైతుకేం తెలుస్తుంది' అని. రాసుకోనీ. కానీ అచ్చయ్యే ముందు ఆయనకొక్కసారి చూపించిందా? మంగలి కుర్చీలో కూర్చుని చదువుకున్నాడు. సగం గీసిన గడ్డంతో ఇంటికొచ్చాడు. నెల తిరక్కుండా ఉద్యోగం పోయింది. దాణా కొట్లో గుమాస్తాగా చచ్చిపోయాడు. ఇప్పుడేమో పొగగొట్టాలవాడికి కూడా చూపిస్తుందట!"

నాన్న తలొంచుకుని తిన్నారు. నేనూ అంతే.

రోస్విత


హాంబుర్గ్
28 మార్చి

రోస్వితా,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. రాయబోయి మూడు కాగితాలు చించాను.

పొగగొట్టాలవాడికి ఎందుకు చూపిస్తానని ఆవిడ అనుకుంటోంది? ఆ నియమం నాకు ఏ సంపాదకుడూ నేర్పలేదు. ఆ రోజుల్లో ఎవరూ చూపించేవారు కాదు. నాన్న సగం గడ్డం నేను చూడలేదనుకుంటోందా? అదంతా రాశాను. నలభై నాలుగో పేజీ మొత్తం అదే. అందులో అమ్మ నోటి మాట ఒక్కటీ లేదు, అందుకే ఆ పేజీ ఆమెకు పంపలేదు. పంపాల్సిన పని లేదు. నియమం అదీ.

అదే నియమం ప్రకారం, ఆవిడకు తన మాట మీదే హక్కు. నా వాక్యాల మీద లేదు. ఆ నాలుగు వాక్యాల కోసం నేను ఒక శీతాకాలం కూర్చున్నాను. మా సంపాదకుడు చదివి, ఎంత పెద్ద మనసు అన్నాడు. ఇప్పుడు వాటినే కొట్టేయమంటే ఎలా? తిట్లు కొట్టేయమని అడిగినవాళ్లను చూశాను. క్షమించడాన్ని కొట్టేయమన్న మనిషి ఈవిడొక్కతే.

కొట్టేయను. చెప్పు.

హెడ్విగ్


హోల్ట్‌రూప్
2 ఏప్రిల్

ప్రియమైన అత్తకు,

చెప్పాను. నలభై నాలుగో పేజీ సంగతి కూడా చెప్పాను, కానీ పంపని పేజీ గురించి వినదలచుకోలేదంది.

"నా మాట మీదే నాకు హక్కా? సరే. నా మాట నేను వెనక్కి తీసుకుంటాను. అప్పుడు దేన్ని క్షమిస్తుందో చూద్దాం."

వెనక్కి తీసుకుంటే అధ్యాయమే పోతుందని నాకు తెలుసు. అందుకే జీవితంలో మొదటిసారి నానమ్మకు ఎదురుచెప్పాను. "మధ్యలో నేనేమైపోవాలి? ఆమెకు నీ మాట మోయాలి, నీకు ఆమె మాట మోయాలి. మీరిద్దరే మాట్లాడుకోండి" అన్నాను.

నానమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నోరుందే నీకు! సరే, రమ్మను."

"ఎక్కడికి రమ్మంటావు? గడప తొక్కొద్దన్నావుగా."

"గడప తొక్కొద్దన్నాను. వంటింటికి కిటికీ లేదా?"

పరిహాసం కాదు. కిటికీ కింద ముళ్లపొదలు కత్తిరించమని నాకు కత్తెర ఇచ్చింది. మట్టల ఆదివారం ముందు శనివారం, మధ్యాహ్నం భోజనాలకు ముందు రమ్మంది. నలభై నాలుగో పేజీ తెచ్చుకోండి. దయచేసి రండి.

రోస్విత


హాంబుర్గ్
8 ఏప్రిల్, మట్టల ఆదివారం

రోస్వితా,

నడుం పట్టేసింది. కూర్చోలేక నిలబడి రాస్తున్నాను.

నువ్వు గ్రంథాలయంలో ఉండిపోవడం మంచిదే అయింది. యాభై మూడేళ్ల ఆడదాన్ని, బురదలో, సన్నటి వానలో, గొడుగు పొదల ముళ్లకు తగులుకుని నిలబడ్డాను. కిటికీ లోపల అమ్మ. ఎంత చిన్నదైపోయింది! ఆ మాట నువ్వు చెప్పలేదే. మొదటి మాట ఏమన్నదో తెలుసా? "ఆ టోపీ నీకు నప్పలేదు."

నీళ్లడిగాను. "వానలో నిలబడి నీళ్లేంటి?" అంది.

నాలుగు వాక్యాల మీద పోట్లాడుకున్నాం. "నేను చదువుకోలేదని ఎవరు చెప్పారు? బడిలో లెక్కల్లో మొదటిదాన్ని" అంది. "అమ్మా, అది నీ మేలు కోరి రాసింది" అన్నాను. "నా మేలు కోరేదానివైతే నాతో పోట్లాడు. జాలిపడకు" అంది. ఈ ముప్ఫయ్యేళ్లలో నన్నెవరూ అలా నిలదీయలేదు. అక్కడితో ఆగినా బాగుండేది.

నలభై నాలుగో పేజీ కిటికీలోంచి అందించాను. కళ్లజోడు పెట్టుకుని చదివింది. మధ్యలో తలెత్తింది, నా మొహం చూసింది, ధడాలున కిటికీ మూసేసింది. కాసేపు నిలబడ్డాను. తరువాత టాక్సీ పిలిచి వెళ్లిపోయాను.

చాలు. మంత్రుల్ని ఓపిక పట్టాను, గని యజమానుల్ని ఓపిక పట్టాను. ముఖం మీద తలుపులే కాదు, కిటికీలు కూడా మూయించుకునే వయసు కాదు నాది. గురువారం సంపాదకుడిని కలుస్తున్నాను. మూడో అధ్యాయం తీసేయమంటాను. ఎక్కడి నుంచో ఊడిపడ్డ పిల్లగానే ఉండనీ.

నీ తప్పేం లేదు.

హెడ్విగ్


హోల్ట్‌రూప్
10 ఏప్రిల్

అత్తా,

తీసేయకండి!

ఈ పొద్దున పోస్టాఫీసు నుంచి మీకు ఫోన్ చేశాను. మీరు ఎత్తి "టెర్‌హోర్స్ట్" అన్నారు. నాకు నోరు రాలేదు. పెట్టేసి బయటికొచ్చి ఏడ్చాను. ఆ ఫోను నాదే. అందుకే ఇది ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నాను, బుధవారమే అందాలి.

నానమ్మ కోపంతో కిటికీ మూయలేదు. పేజీ చదువుతుండగా పొయ్యి మీద పాలు పొంగాయి. ఆ కిటికీ రెక్క లోపలికి తెరిచి ఉంటే పొయ్యి దాకా దారి ఉండదు, మూస్తే గానీ వెళ్లలేం. ఆ వంటిల్లు మీరున్నప్పటిది కాదు, పొయ్యి అటు మార్చి పదేళ్లయింది. మూసి, గిన్నె దించి, పొయ్యి తుడిచి, మీకు కాఫీ కలిపింది. తపస్సుకాలంలో కాఫీ! కప్పు పట్టుకుని కిటికీ తెరిచేసరికి పొదలు తప్ప ఎవరూ లేరట. నేను ఇంటికొచ్చేసరికి కప్పు అలాగే కిటికీ గట్టు మీద ఉంది.

"చూశావా," అంది నాతో. "అప్పుడూ అంతే. ఒక్క మాటకు పెట్టె పట్టుకుని పోయింది. పొమ్మంటే పోవడమేనా? ఊళ్లో తల్లులు ఎంతమంది అనలేదు ఆ మాట! సాయంత్రానికి తిరిగొస్తారు అందరూ."

ఇది కూడా రాయమని చెప్పలేదు. రాయొద్దనీ చెప్పలేదు.

నలభై నాలుగో పేజీలో ఏమీ కొట్టేయలేదు. తాతయ్య మాట ఉంది కదా అందులో, చెంచా నోట్లో పెట్టుకుని అన్నది. ఆయన లేరు కాబట్టి ఆయన బదులు తను చూసి ఒప్పుకోవాలంది. కింద సంతకం పెట్టింది: "క్లెమెన్స్ టెర్‌హోర్స్ట్ తరఫున, భార్య." పేజీ ఇందులో పెడుతున్నాను.

నలభై ఒకటి మాత్రం ఇంకా జేబులోనే ఉంది. ఆ నాలుగు వాక్యాలు పోతే తప్ప సంతకం లేదంటోంది. ఇక మీ ఇష్టం.

రోస్విత


హాంబుర్గ్
12 ఏప్రిల్, పెద్ద గురువారం

రోస్వితా,

పాలు!

సంపాదకుడి గుమ్మం దాకా వెళ్లి, నీ ఉత్తరం మరోసారి చదివి, లోపలికెళ్లి కొట్టేశాను. అధ్యాయాన్ని కాదు, ఆ నాలుగు వాక్యాలను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. పుస్తకంలో అన్నిటికన్నా మంచి చోటు అదేనన్నాడు. మా అమ్మ అలా అనుకోవడం లేదన్నాను. ఆమె పాత్రికేయురాలా అని అడిగాడు. కాదు, అంతకన్నా కష్టమైన మనిషి అన్నాను.

సాయంత్రానికి తిరిగొస్తారట అందరూ! ఆ నియమం నాకెవరు చెప్పారు? నేనొక్కదాన్నే ఆ ఊళ్లో అన్న మాటను అన్నట్టే నమ్మాను కాబోలు.

కొత్తగా అచ్చుకొట్టిన నలభై ఒకటి పంపుతున్నాను. "ఇక ఈ గడప తొక్కకు." ఆ తరువాత రైలు. మధ్యలో ఏమీ లేదు. సంతకం పెట్టించు. పెట్టకపోతే ఇక నేను చేయగలిగిందేమీ లేదు.

హెడ్విగ్

తా.క. మళ్లీ ఫోన్ చేస్తే మాట్లాడు. నేను కరవను.


హోల్ట్‌రూప్
17 ఏప్రిల్

ప్రియమైన అత్తకు,

సంతకం పెట్టింది. ఈస్టర్ పూజ నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా, నిలబడే పెట్టింది. పేజీ ఇందులో ఉంది.

తరువాత కాఫీ తాగుతూ పుస్తకం ఎప్పుడొస్తుందని అడిగింది. సెప్టెంబరులో అన్నాను.

"పోస్టులో పంపొద్దని చెప్పు. వచ్చింది వచ్చినట్టు గ్రంథాలయానికి పోతుంది. తనే తెచ్చి ఈ బల్ల మీద పెట్టాలి."

"కిటికీలోంచి బల్ల అందదు నానమ్మా."

"నాకు తెలీదా, నా ఇంట్లో బల్ల ఎక్కడుందో?"

"అయితే గుమ్మంలోంచి రావాలి."

"మరి మనిషన్నాక ఎక్కణ్ణుంచి వస్తుంది? లోపలికి రమ్మను" అంది నానమ్మ నవ్వుతూ.

ఈ మాట మీకు రాయొచ్చా అని అడిగాను. రాయి, కానీ నాకు చూపించకుండా పంపితే ఊరుకోనంది. అందుకని ఇక్కడిదాకా రాసి ఆమెకిచ్చాను. రెండుసార్లు చదివింది. పెన్సిల్ అడిగింది. పైన "నవ్వుతూ" అన్న మాట ఒక్కటి కొట్టేసింది.

మీ
రోస్విత

చదివాను. మిగతాది నేనన్నదే.
ఒట్టీలియా టెర్‌హోర్స్ట్